ఆ క్యాసెట్టు పెట్టే ముందు ఒక్క నిమిషం

కెన్యాలోనో టాంజానియాలోనో ఉగాండాలోనో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి వచ్చినవాళ్ళు మీ ఇంట్లో ఉన్నారా? వాళ్ళ పెట్టెలో "అక్కడి పాటలు" అని పెన్నుతో రాసిన క్యాసెట్టు గానీ స్పూలు టేపు గానీ పడి ఉందా? ఉంటే, ఇది చదివిన ఉత్సాహంలో దాన్ని తీసి టేపురికార్డర్లో పెట్టకండి. బతిమాలి చెబుతున్నాను. ఆ పని చేసే నేను ఒక పాటను పోగొట్టాను.

మా అన్నయ్య 1980లలో టాంజానియాలో లెక్కల మాస్టారుగా పనిచేశాడు. వస్తూ తెచ్చుకున్న సామాన్లలో అరవై నిమిషాల క్యాసెట్టు ఒకటి ఉంది. దాని చీటీ మీద "డొడోమా, జూలై 86" అని మాత్రం రాసుంది. పాడింది ఎవరు, ఏ ఊళ్ళో, పెళ్ళికా, కోతలకా, ఏమీ లేదు. ముప్పై ఏళ్ళకు పైగా అది విశాఖలో మా బీరువా పై అరలో సముద్రపు తేమ పీల్చుకుంటూ ఉండిపోయింది. అన్నయ్య పోయాక, ఒక మధ్యాహ్నం ఆయన గుర్తుగా విందామని పెట్టాను. ముందు కోడి కూసింది. ఎవరో నవ్వారు. తర్వాత ఇలింబా మొదలైంది. చెక్కపెట్టె మీద బిగించిన ఇనుప నాలుకలను బొటనవేళ్ళతో మీటే వాద్యం అది, డొడోమా ప్రాంతపు గోగో జనానిది. దాని మీదికి ఆడవాళ్ళ గొంతులు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. నలభై సెకన్లు విన్నానేమో. గొంతులు సాగిపోవడం మొదలైంది. కిర్రుమంది. టేపు రోలరుకు చుట్టుకుని ముడతలు పడింది, లాగితే తెగింది. వేళ్ళకు గోధుమరంగు పొడి అంటింది.

ఆ పొడే పాట. టేపంటే పల్చటి ప్లాస్టిక్ పట్టీ, దాని మీద జిగురుతో పట్టించిన సన్నటి ఇనుప ఆక్సైడు పొడి. శబ్దమంతా ఆ పొడిలోనే ఉంటుంది, ప్లాస్టిక్‌లో ఏమీ ఉండదు. తేమకు జిగురు చెడితే పొడి రాలుతుంది. రాలినదాన్ని మళ్ళీ అంటించి వినిపించే యంత్రం ఎక్కడా లేదు.

నాది ఒక ఇంటి నష్టం. కానీ తూర్పు ఆఫ్రికా సంప్రదాయ సంగీతం గురించి ఎవరితో మాట్లాడినా వచ్చే మొదటి మాట, "అదంతా ఎప్పుడో రికార్డు చేసి పెట్టారు కదా" అని. చేశారు, నిజమే. నూరేళ్ళకు పైగా చేస్తూనే ఉన్నారు. ఆ ధీమాయే ఇప్పుడు ఆ సంగీతాన్ని ముంచుతోంది. రికార్డు చేయడం వేరు, దక్కించుకోవడం వేరు. ఈ తేడా తెలియక పోయే పాటలు ఏ యుద్ధంలోనూ పోవు. చీటీ అంటించి, డబ్బాలో పెట్టి, గదికి తాళం వేశాక పోతాయి.

ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవు 2015లోనే ఒక గడువు చెప్పింది. 2025 నాటికి డిజిటల్‌లోకి ఎక్కించని టేపుల్లో చాలా భాగం ఇక దక్కవని. కారణం టేపు ఒక్కటే కాదు. వాటిని వినిపించే మంచి యంత్రాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఉన్నవాటి హెడ్లు అరిగిపోతున్నాయి. విడిభాగాలు దొరకవు, దొరికినా బిగించడం తెలిసిన మెకానిక్కులు రిటైరయ్యారు. ఆ తర్వాత 2019లో యునెస్కో, ధ్వని ఆర్కైవుల అంతర్జాతీయ సంఘమూ కలిసి ప్రపంచమంతటికీ టేపుల గురించి ప్రమాద హెచ్చరిక చేశాయి. ఆస్ట్రేలియా చెప్పిన గడువు తీరిపోయింది. అది చల్లటి గదులూ, నిపుణులూ, డబ్బూ ఉన్న దేశం పెట్టుకున్న గడువు. టాంజానియాలోని దారెస్సలాం తీరపు ఉక్కలో రేడియో స్టేషను అరల్లో నిలబెట్టిన స్పూళ్ళకు అంత వెసులుబాటు ఉండదు కదా.

టాంజానియాకు స్వాతంత్ర్యం వచ్చాక చాలా ఏళ్ళపాటు అక్కడ రికార్డింగంటే ప్రధానంగా ప్రభుత్వ రేడియో స్టూడియోయే. పల్లెల ఎన్గోమాలు, అంటే డప్పులూ ఆటా పాటా కలిసిన సంబరాలు, నగరపు బ్యాండ్లు, చాలావరకు ఆ రేడియో టేపులకే ఎక్కాయి. ఒక దేశం గొంతు అంతా ఒక భవనంలో ఉంటే ఆ భవనపు కప్పు కారినా ప్రమాదమే, కరెంటు పోయినా ప్రమాదమే. సోమాలీ కళాకారులకు ఈ భయం బాగా తెలుసు. 1988లో సోమాలియా నియంత సియాద్ బారే సేనలు హర్గేసా నగరం మీద బాంబులు వేసే ముందు, రేడియో వాళ్ళూ పాటగాళ్ళూ టేపులను మట్టిలో పాతిపెట్టారు, కొన్నిటిని సరిహద్దు దాటించారు. ఇవాళ హర్గేసా సాంస్కృతిక కేంద్రంలో 10,000కు పైగా క్యాసెట్లున్నాయి. బాంబులకు దక్కిన వాటిని బూజుకు వదిలేస్తే ఆ పాతిపెట్టిన చేతులకు ఏం సమాధానం చెబుతాం?

మన దేశానికి కూడా ఇందులో బంధం ఉంది. జాంజిబార్ గాయని సితీ బింతి సాద్ 1928లో తన బృందంతో బొంబాయి వచ్చి హెచ్.ఎం.వి. రికార్డు కంపెనీకి పాడింది. పల్లెలో పుట్టి కుండలమ్ముకుని బతికిన మనిషి ఆమె. సుల్తాను కొలువులో అరబ్బీలో సాగే తారబ్ సంగీతాన్ని వీధి జనం మాట్లాడే స్వాహిలీలో పాడి తీరమంతటా పేరు తెచ్చుకుంది. ఆ రోజుల రికార్డుల తయారీలో లక్క వాడేవారు, మన అడవుల్లో పురుగులు కొమ్మల మీద పెట్టే లక్కే. ఒక్కో పక్క మూడు నిమిషాలు పట్టేది. రాత్రంతా తీరిగ్గా సాగే పాటను ఆ మూడు నిమిషాలకు కుదించి పాడాల్సి వచ్చింది. చేయి జారితే రికార్డు పెంకులా పగిలేది. తర్వాతి కాలంలో మొంబాసాలో అసానంద్ అండ్ సన్స్ అనే భారతీయుల దుకాణం "మ్జూరి" అనే సొంత లేబులు మీద స్వాహిలీ రికార్డులు తెచ్చింది. అలా తూర్పు ఆఫ్రికాలో బతికి, తిరిగొచ్చిన కుటుంబాలు మన దేశంలో ఎన్నో. వాళ్ళ అటకల మీద ఏముందో ఒకసారి చూడమని అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు.

రికార్డు చేసినవాళ్ళ కష్టాన్ని తక్కువ చేయడం లేదు నేను. 1906లో కార్ల్ వోయ్లే అనే జర్మన్ పండితుడు ఇప్పటి టాంజానియా దక్షిణ భాగంలో ఫోనోగ్రాఫు మోసుకుంటూ తిరిగి మైనపు గొట్టాల మీద పాటలు పట్టాడు. ఆ మైనాన్ని విన్న ప్రతిసారీ సూది కొంత గీకేస్తుంది. వినడమే చెరపడం. 1950 ప్రాంతంలో హ్యూ ట్రేసీ అనే సంగీత పరిశోధకుడు లారీలో రికార్డింగు సరంజామా వేసుకుని కెన్యా, ఉగాండా, టాంగన్యీకా (ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగం), రువాండాలు చుట్టి వచ్చాడు. 1954లో దక్షిణాఫ్రికాలో అంతర్జాతీయ ఆఫ్రికన్ సంగీత గ్రంథాలయం స్థాపించాడు. ఆయన తెచ్చిన "సౌండ్ ఆఫ్ ఆఫ్రికా" వరసలో 210 ఎల్పీలున్నాయి. గొప్ప పని. కానీ ఆ గొంతులు ఎవరివో వాళ్ళ ఊరికి ఆ పాటలు చేరడానికి ఎంత కాలం పట్టిందో చూడండి.

కెన్యాలో కెరిచో ప్రాంతపు కిప్సిగిస్ అమ్మాయిలు 1950లో ట్రేసీకి ఒక పాట పాడారు. తెల్లవాళ్ళు తెచ్చిన గ్రామఫోనులో అమెరికా గాయకుడు జిమ్మీ రాజర్స్ గొంతు విని, ఈ మనిషి ఎవరా అని ఊళ్ళో ఆశ్చర్యపోయారట. ఆ పేరు వాళ్ళ నోట "చెమిరోచా" అయింది. సగం మనిషి, సగం జింక అయిన ఒక వింత జీవి అయింది. వచ్చి మాతో చిందెయ్యమని అతన్ని పిలిచే పాట అది. ఆ రికార్డు ప్రపంచమంతా తిరిగింది, సంగీతం తెలిసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. పాడినవాళ్ళలో ముందు గొంతు పేరు రాశారు, చెముతోయ్ కెతియెన్య అని. మిగతావాళ్ళు "కిప్సిగిస్ అమ్మాయిలు", అంతే. 2014లో గానీ ట్రేసీ గ్రంథాలయమూ, నైరోబీలోని కెటెబుల్ మ్యూజిక్ వాళ్ళూ, సింగింగ్ వెల్స్ బృందమూ కలిసి ఆ పాటలను వెనక్కి ఆ కొండల్లోకి పట్టుకెళ్ళలేదు. అరవై నాలుగేళ్ళు! ఆ కాలపు మనుషులు కొద్దిమంది ఇంకా బతికే ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఇంకో పదేళ్ళు ఆలస్యమై ఉంటే ఆ టేపులోని గొంతులను "ఇది ఫలానా వాళ్ళది" అని గుర్తుపట్టేవాళ్ళే మిగిలేవారు కాదేమో.

పేరు రాయకపోవడం చిన్న తప్పులా కనిపిస్తుంది. కాదు. పేరు లేని పాటను ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, సినిమాలో పెట్టుకోవచ్చు, దానికి వచ్చే రాబడిలో ఆ ఇంటికి పైసా చేరదు. కెన్యా 2016లో సంప్రదాయ జ్ఞానాన్నీ కళలనూ కాపాడేందుకు ప్రత్యేక చట్టమే చేసింది. కానీ ఫలానా పాట ఫలానా ఊరిదని చెప్పే చీటీ లేకపోతే ఏ చట్టం ఎవరి పక్షాన నిలబడుతుంది?

ఇక అసలు భయపెట్టే సంగతి, వాయించే చేతులే పోవడం. ఉగాండా రాజధాని కంపాలాలో మెంగో కొండ దగ్గర బుగాండా రాజు (ఆయన్ని కబాకా అంటారు) కోట ఉంది, దాన్ని లుబిరి అంటారు. కొలువులో డప్పుల బృందాలు, వేణువులు, పెద్ద చెక్కపలకల వాద్యం అకాడిండా, ఒక్కోదానికి ఒక్కో వంశపు విద్వాంసులు ఉండేవారు. 1966 మే 24న ఉగాండా పాలకుడు ఒబోటే ప్రభుత్వపు సైన్యం ఇదీ అమీన్ నాయకత్వంలో ఆ కోట మీద పడింది. రాజు రెండో ముతేసా తప్పించుకుని లండన్ చేరి 1969లో అక్కడే పోయాడు. కోటలో వాద్యాలు ధ్వంసమయ్యాయి. వాయించేవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు చెదిరిపోయారు. 1967లో రాజ్యాలనే రద్దు చేశారు, అవి తిరిగి నిలబడింది 1993లో. మధ్యలో ఒక తరం గడిచిపోయింది.

అదృష్టం ఏమిటంటే, నాజీల చేతుల్లోంచి తప్పించుకు వచ్చిన క్లాస్ వాక్స్‌మన్ అనే పండితుడు ఉగాండా మ్యూజియం బాధ్యుడిగా ఉంటూ 1949-54 మధ్య దేశమంతా తిరిగి రికార్డు చేసి ఉంచాడు. ఆ టేపులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీకి చేరాయి. ఉగాండా విద్యార్థి తన తాత సంగీతం వినాలంటే వీసా కావాల్సి వచ్చేదన్నమాట. సిల్వియా నన్యోంగా తముసుజా వంటి ఉగాండా సంగీత పండితుల పట్టుదలతో వాటి నకళ్ళు మకెరెరే విశ్వవిద్యాలయానికి తిరిగొచ్చాయి.

టేపులు తిరిగొస్తే చాలా? చాలదు. అకాడిండా తమ్ముడు అమడిండాను చూస్తే ఎందుకో తెలుస్తుంది. పన్నెండు చెక్క పలకలను రెండు అరటి బోదెల మీద అడ్డంగా పరుస్తారు, అవి కదలకుండా పుల్లలు గుచ్చుతారు. ముగ్గురు వాయిస్తారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకడు ఒక వరస మొదలుపెడతాడు, రెండోవాడు ఆ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న సందుల్లో తన వరస కొడతాడు, ఒక్క వెంట్రుక ముందూ వెనకా కాకుండా. మూడోవాడి చేతికింద ఉండేవి చిట్టచివరి రెండు పలకలే. మొదటి ఇద్దరి చేతుల కింద కలగలిసి పుట్టే స్వరాల్లోంచి రెండిటిని చెవితో ఏరి, పై స్థాయిలో వినిపిస్తాడు. ఆ వేగంలో వినేవాడికి, ముగ్గురిలో ఏ ఒక్కరూ వాయించని పాట ఒకటి చెవిన పడుతుంది. ఒక్క మైకుతో తీసిన టేపులో ఈ మూడు జతల చేతులూ ఒకే శబ్దమైపోతాయి. ఎవరి దెబ్బ ఏదో విడదీయడం టేపు నేర్పదు. 1959-60లో ఆస్ట్రియా నుంచి వచ్చిన గెర్హార్డ్ కూబిక్ అనే యువకుడు కొలువు విద్వాంసుడు ఎవరిస్తో ముయిండా ఎదుట కూర్చుని, కర్ర పట్టుకుని కొట్టి నేర్చుకున్నాకే ఆ లోపలి అల్లిక పుస్తకాల్లోకి వచ్చింది. ముయిండా 1993లో కన్నుమూశాడు. ఆయన బతికుండగా ఎదుట కూర్చున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇవాళ ఆ టేపులకు అర్థం ఉంది.

ఉగాండాలోనే బుసోగా అనే ప్రాంతంలో బిగ్వాలా అని సొరబుర్రల బూరల బృందం ఉంది. ఎండిన సొరబుర్రలను ముక్కలుగా కోసి ఒకదానికొకటి అతికించి పొడుగాటి బూర చేస్తారు. ఒక్కో బూరకు ఒకటే స్వరం. కనీసం అయిదుగురు కలిసి, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు ఊదితేనే పాట. నలుగురు ఉంటే పాట లేదు. బుర్ర సంగతి మనకు తెలియనిది కాదు, కిన్నెరకు కింద కట్టేది అదే, బుర్రకథ పేరులో ఉన్నదీ అదే. రాజ్యాలు రద్దయ్యాక రాజుల ఉత్సవాలు పోయాయి, ఉత్సవాలతో పాటు బూరలు పోయాయి. 2012లో యునెస్కో బిగ్వాలాను అత్యవసరంగా కాపాడవలసిన వారసత్వాల జాబితాలో చేర్చేనాటికి, బూర చేయడం, ఊదడం, ఆడడం పూర్తిగా తెలిసిన పెద్దలు నలుగురే మిగిలారు. అయిదు బూరల పాటకు నలుగురు.

అక్కడివాళ్ళు చేసిన పని నాకు కళ్ళు తెరిపించింది. క్యాంబోగో విశ్వవిద్యాలయపు జేమ్స్ ఇసబిర్యే వంటివారు పూనుకుని పెద్దల చేత పిల్లలకు నేర్పించాలనుకుంటే, ముందు సొరపాదులు పెట్టాల్సి వచ్చింది. బూరలు చేసేవాడు లేకపోతే ఆ రకం సొర పెంచేవాడూ ఉండడు. గింజ తెచ్చి, నాటి, కాయ ముదిరి, ఎండి, ఆ తర్వాతే బూర. ఏ రికార్డులోనూ ఆ గింజ లేదు. అయినా పాత ధ్వని ఎలా ఉండేదో చెప్పే రికార్డు లేకపోతే, కాయ చేతికొచ్చాక దాన్ని ఏ స్వరానికి కొయ్యాలో ముసలి చెవుల జ్ఞాపకమే దిక్కు. పశ్చిమ కెన్యాలో ఇసుకుటి డప్పుల నాట్యం 2014లో, ఉత్తర ఉగాండాలో మాది అనే జనం తంత్రీవాద్యం 2016లో అదే జాబితాకెక్కాయి. జాబితాకెక్కడం అంటే ఆస్పత్రిలో మంచం దొరకడం లాంటిది. అది ఇంకా వైద్యం కాదు.

"ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా" అనే మాటకు కూడా జవాబు చెప్పాలి. ఉన్నాయి. దారెస్సలాం, నైరోబీ, కంపాలాల్లో ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగు పిల్లల చేతుల్లోనూ ఉన్నాయి. కెన్యా పల్లె పెళ్ళిలో లువో జాతి విద్వాంసుడు ఎనిమిది తీగల న్యాతితి మీటుతూ, కాలి బొటనవేలికి తొడిగిన ఇనుప ఉంగరంతో వాద్యపు కొమ్మును టకటకలాడిస్తుంటే ఎవరికైనా ఫోను తియ్యాలనిపిస్తుంది. తీస్తారు, వాట్సాప్‌లో పంపుతారు. పంపగానే అది శబ్దాన్ని నలిపి చిన్నది చేస్తుంది. మళ్ళీ ఇంకొకరు పంపుతారు. ఫోను మారుతుంది, పోతుంది. మిగిలిన వీడియోకు పేరు "విఐడి" అనే అక్షరాలూ కొన్ని అంకెలూ. నా క్యాసెట్టు చీటీ మీద కనీసం డొడోమా అని ఉంది.

తీయదలిస్తే ఇలా తీయండి. ముందు అడగండి. అన్ని పాటలూ అందరికీ కావు. జాంజిబార్ తీరంలో ఈడొచ్చిన ఆడపిల్లల కోసం ఆడవాళ్ళు మాత్రమే కూడి చేసే ఉన్యాగో వంటివి ఉన్నాయి. వద్దన్నప్పుడు ఫోను జేబులో పెట్టుకోవడం కూడా ఆ సంగీతాన్ని కాపాడడమే. సరే అన్నవాళ్ళ దగ్గర, మొదలుపెట్టే ముందు ఫోనులోనే తేదీ, ఊరు, పాడేవారి పేరు, వాద్యం పేరు, పాట ఏ సందర్భానిదో వాళ్ళ గొంతుతోనే చెప్పించండి. చేతులు కనబడేట్టు తీయండి. ముఖం ఎలాగూ తీస్తారు, పాట ఉండేది చేతుల్లో. అసలు ఫైలును మార్చకుండా మూడు చోట్ల దాచండి, వాటిలో ఒకటి పాడినవారి ఇంట్లోనో ఊరి బడిలోనో ఉండాలి.

పాత క్యాసెట్టు దొరికితే, వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ చెవులను విరిచేయండి, పొరపాటున దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. దాని కిటికీలోంచి తెల్లటి బూజు కనిపిస్తే పెట్టకండి, మిగతావాటి నుంచి వేరు చేయండి. వేగంగా రీవైండు చేయకండి. స్పూలు టేపు డబ్బా తెరవగానే పులిసిన వాసన, వెనిగర్ వాసన వస్తే అది పాత ఎసిటేటు టేపు. వేడి చేస్తే బాగవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ చిట్కా వేరే రకం టేపులకు, అదీ నిపుణుల చేతిలో. టేపులు ఎక్కించడం తెలిసినవారికి ఇవ్వండి. ఎక్కించేటప్పుడు ఎమ్‌పీ3 కాదు, వేవ్ ఫైలుగా, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో అడగండి. డబ్బానూ చీటీనీ రెండు వైపులా ఫొటో తీయండి. ఎక్కించాక అసలు టేపును పారేయకండి. ఇదంతా మొదలుపెట్టడానికి ఒక ఆదివారం చాలు. ఒక్క షరతు, ఆ ఆదివారం ఈ నెలలోనే రావాలి. తెచ్చినవారు బతికుంటే ఇవాళే వాళ్ళ పక్కన కూర్చుని "ఇది ఎవరు పాడారు, మామయ్యా?" అని అడిగి రాసుకోండి. ఆ ఒక్క ప్రశ్న నేను మా అన్నయ్యను అడగలేదు.

తెగిన టేపును ఇప్పుడు ఒక నిపుణుడికి ఇచ్చాను. రెండో పక్కన కొంత మిగలవచ్చని అన్నాడు. అది వస్తే దాని నకలు డొడోమాకు పంపాలి, కానీ ఎవరి ఇంటికి? 1986 ప్రాంతంలో డొడోమా బడుల్లో పనిచేసిన తెలుగు మాస్టార్లు, టీచరమ్మలు ఈ పత్రిక చదువుతుంటే, కోడి కూతతో, ఒక ఆడమనిషి నవ్వుతో మొదలయ్యే పాట మీ దగ్గర కూడా ఉందేమో చూడండి. మీ చీటీ మీద పేరుంటే నాకు చెప్పండి.